పొగ రాయవుతున్న చోట

రెక్జావిక్‌ హోటల్లో మొదటిసారి వేడినీళ్ల కుళాయి తిప్పినవాళ్లు ఎవరైనా ఒక్క అడుగు వెనక్కి వేస్తారు. గుప్పున కుళ్లిన కోడిగుడ్డు వాసన! కిందికెళ్లి ఫిర్యాదు చేస్తే కౌంటర్లో ఉన్నవాళ్లు నవ్వేసి ఊరుకుంటారు. పైపుల్లో లోపమేమీ లేదు. ఆ నీళ్లు పొయ్యి మీద కాగినవి కావు, భూమి కడుపులోని వేడికి కాగినవి. హైడ్రోజన్‌ సల్ఫైడ్‌ది ఆ వాసన. రెండోరోజుకి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది.

ఐస్‌లాండ్‌ రాజధాని ఇది. రెక్జావిక్‌ అంటే వాళ్ల భాషలో 'పొగల అఖాతం' అని అర్థం. పదకొండు వందల ఏళ్ల కిందట పడవల్లో వచ్చి ఇక్కడ దిగినవాళ్లకి నేలలోంచి లేస్తున్న ఆవిర్లు పొగలా కనిపించాయట. ఆ పేరే ఉండిపోయింది. నిజమైన పొగ మాత్రం చాలా తరవాత వచ్చింది. 1930లనాటి ఫొటోలు చూస్తే ఊరంతా బొగ్గుపొగతో మసకబారి ఉంటుంది. అంత చలిలో ఇల్లు వెచ్చగా ఉండాలంటే ఓడల్లో తెచ్చుకున్న బొగ్గే దిక్కు మరి! తరవాత తరవాత బావులు తవ్వి, వేడినీళ్లని పైపుల్లో ఇంటింటికీ ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ దేశంలో పది ఇళ్లలో తొమ్మిదింటిని వెచ్చగా ఉంచుతున్నది భూమిలోని వేడే.

అలా పొగని వదిలించుకున్న ఊరికి అరగంట దూరంలో ఇప్పుడు మరో పని జరుగుతోంది. కంటికి కనిపించని పొగని పట్టి, నేల లోతుల్లోకి పంపి, రాయి చేసేస్తున్నారు. కథ కాదు. ఆ రాయిని మీరు చేత్తో పట్టుకుని చూడొచ్చు.

గుహల మిట్ట మీదికి...

ఒకటో నంబరు రహదారి మీద తూర్పువైపు బయల్దేరితే ఊరు దాటిన కాసేపటికే చెట్టూచేమా మాయమవుతాయి. అటూ ఇటూ గడ్డకట్టిన లావా. దాన్ని కప్పేస్తూ బూడిదరంగు నాచు, పరుపు పరిచినట్టు మెత్తగా. దాని మీద కాలు పెట్టకూడదు సుమా! ఒకసారి చితికితే మళ్లీ ఆ నాచు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. దారి నెమ్మదిగా ఎత్తెక్కుతుంది. ఎండ, వాన, పొగమంచు... మూడూ ఒక్క గంటలో వచ్చిపోతాయి. గాలి ఎంత గట్టిగా వీస్తుందంటే, కారు అద్దెకిచ్చేవాళ్లు ముందే చెబుతారు, తలుపు తీసేటప్పుడు గట్టిగా పట్టుకోండని.

ఈ ఎత్తైన బయలు పేరు హెల్లిషేది. గుహల మిట్ట అనొచ్చు మనం. రోడ్లు లేని రోజుల్లో రాజధానికీ దక్షిణాది పల్లెలకీ మధ్య ఇదే దారి. మంచులో దారి తప్పకుండా రాళ్లు పేర్చి గుర్తులు పెట్టుకునేవాళ్లు. ఆ రాళ్లగుట్టలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అంతకంటే చిత్రం, వందల ఏళ్లపాటు గుర్రాలు నడిచీ నడిచీ లావా మీద గాడి పడింది. గానుగ చుట్టూ ఎద్దు తిరిగిన చోట నేల అరిగినట్టు, ఇక్కడ రాయే అరిగింది.

ఈ లావాకో కథ ఉంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఐస్‌లాండ్‌ వాళ్లంతా తమ పార్లమెంటు దగ్గర చేరి, పాత దేవుళ్లనే కొలవాలా, క్రైస్తవం పుచ్చుకోవాలా అని వాదించుకుంటున్నారట. ఇంతలో ఒకడు పరుగున వచ్చి ఇటువైపు కొండ బద్దలై లావా పారుతోందని చెప్పాడు. చూశారా, దేవుళ్లకి కోపం వచ్చిందన్నారు పాతకాపులు. అప్పుడు స్నోరీ అనే పెద్దమనిషి, ఇప్పుడు మన కాళ్లకింద ఉన్న ఈ రాయి ఒకప్పుడు మండిందే కదా, మరి ఆనాడు దేవుళ్లు ఎవరిమీద కోప్పడ్డారని ఎదురు ప్రశ్న వేశాడని వాళ్ల పాత గాథలు చెబుతాయి. ఆనాటి లావాని ఇప్పటికీ 'మతం మారిన లావా' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. వెయ్యేళ్ల కిందటే రాయిని చూసి వాదం నెగ్గిన దేశం అన్నమాట.

మిట్ట ఎక్కాక ముందుగా కనిపించేవి ఆవిరి స్తంభాలు. ఆ పక్కనే అద్దాలూ ఇనుమూ కలిపి కట్టిన పెద్ద భవనం. హెల్లిషేది విద్యుత్‌ కేంద్రం అదే. సామర్థ్యం 303 మెగావాట్లు. ప్రపంచంలో పెద్ద భూగర్భ ఆవిరి విద్యుత్‌ కేంద్రాల్లో ఒకటి. కిలోమీటరు, రెండు కిలోమీటర్లు, కొన్నిచోట్ల ఇంకా లోతుకి బావులు దింపి, పైకి తన్నుకొచ్చే ఆవిరితో టర్బైన్లు తిప్పుతారు. మిగిలిన వేడితో మంచినీళ్లు కాచి రెక్జావిక్‌కి పంపుతారు. లోపల సందర్శకుల కోసం ప్రదర్శనశాల ఉంది, టికెట్టు కొనుక్కుని చూడొచ్చు.

బొగ్గూ లేదు, మంటా లేదు, ఇంకేం పొగ అనుకుంటాం. కానీ భూమిలోంచి వచ్చే ఆవిరి ఒంటరిగా రాదు. లోపల కరిగిన శిల నుంచి వెలువడే కార్బన్‌ డయాక్సైడ్‌నీ, ఆ కోడిగుడ్డు వాసన వాయువునీ వెంటబెట్టుకొస్తుంది. బొగ్గు కేంద్రాలతో పోలిస్తే ఇది చాలా తక్కువే. అయినా దీన్ని కూడా గాలిలోకి ఎందుకు వదలాలని ఇక్కడివాళ్లు ఆలోచించడంతోనే అసలు కథ మొదలైంది.

గోలీసోడా, నల్లరాయి

ప్రదర్శనశాలలో చూడాల్సింది ఒక్క రాయి. బావి తవ్వేటప్పుడు లోపలినుంచి తీసిన గుండ్రటి కడ్డీ లాంటి ముక్క. నల్లటి బసాల్టు రాయి, నిండా చిల్లులు, స్పాంజిలాగా. ఆ చిల్లుల్లో అక్కడక్కడా తెల్లటి పలుకులు. ఆ తెలుపే, ఒకప్పటి వాయువు!

మన పాత సైన్సు పుస్తకాల్లో కార్బన్‌ డయాక్సైడ్‌కి 'బొగ్గుపులుసు వాయువు' అని పేరు ఉండేది. ఇంగ్లిషు పేరు అలవాటయ్యాక దాన్ని చూసి నవ్వుకున్నాం గానీ, ఇక్కడ జరిగే పనిని చెప్పడానికి అంతకంటే మంచి మాట దొరకదు. ఈ వాయువు నీళ్లలో కరిగితే ఆ నీళ్లు పులుస్తాయి, అంటే ఆమ్లం అవుతాయి. గోలీసోడా తాగినప్పుడు నాలుక చురుక్కుమనేది అందుకే. ఆ పులుపు రాయిని తింటుంది.

ఇక్కడ చేస్తున్నదీ సోడా తయారీనే. కేంద్రం నుంచి వచ్చే వాయువుల్ని పెద్ద గొట్టంలోకి పంపి పైనుంచి నీళ్లు జల్లుతారు. ఒత్తిడి మీద బొగ్గుపులుసు వాయువూ, కోడిగుడ్డు వాసన వాయువూ ఆ నీళ్లలో కరిగిపోతాయి. ఆ నీటిని నేల కింద వందల మీటర్ల లోతున బసాల్టు పొరల్లోకి దింపుతారు. సీసా మూత తీస్తే సోడాలోంచి బుడగలు తన్నుకొస్తాయి కదా. మరి ఇక్కడా అలా బయటికి రావూ? రావు. అంత లోతులో నీటి బరువే గోలీలా పనిచేస్తుంది. పైగా వాయువు కరిగిన నీళ్లు మామూలు నీళ్లకంటే కాస్త బరువు. పైకి తేలవు, కిందికే దిగుతాయి.

అలా దిగిన పుల్లనీళ్లు బసాల్టులోని కాల్షియాన్నీ, మెగ్నీషియాన్నీ, ఇనుమునీ కరిగించుకుంటాయి. రాయిని తిన్నకొద్దీ పులుపు విరుగుతుంది. పులుపు విరిగాక కాల్షియం, కార్బన్‌ డయాక్సైడ్‌ కలిసి సున్నపురాయి గుణమున్న తెల్లటి పలుకులుగా చిల్లుల్లో పేరుకుంటాయి. కొత్త సంగతేమీ కాదిది. సంక్రాంతి ముందు గోడకి కొట్టిన తడి సున్నం నాలుగురోజులకి గట్టిపడి చేతికి అంటకుండా పోతుందే, అక్కడా అంతే. గాలిలోని కార్బన్‌ డయాక్సైడ్‌ని పీల్చుకుని సున్నం మళ్లీ రాయవుతుంది. మన గోడల మీద నాలుగు రోజుల్లో జరిగేదాన్ని వీళ్లు నేల కింద చేయిస్తున్నారు, అంతే తేడా.

చెప్పినంత తేలిగ్గా మాత్రం అవలేదు. రెక్జావిక్‌ ఎనర్జీ సంస్థ, ఐస్‌లాండ్‌ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌ జాతీయ పరిశోధన సంస్థ, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం కలిసి 'కార్బ్‌ఫిక్స్‌' పేరుతో ఈ పనికి దిగింది 2000ల రెండో సగంలో. వెనక ఉన్న పెద్దల్లో వాలస్‌ బ్రోకర్‌ ఒకరు. 'గ్లోబల్‌ వార్మింగ్‌' అనే మాటని 1975లో తన వ్యాసంతో ప్రచారంలోకి తెచ్చిన శాస్త్రవేత్త ఆయనే. ఆ మాట తెచ్చిన మనిషే ముసలితనంలో దాని మందు కోసం ఈ లావా మిట్టలకి వచ్చారు. 2019లో కన్నుమూశారు.

2012 జనవరిలో మొదటి విడత వాయువు నేలలోకి వెళ్లింది. మార్చిలోగా 175 టన్నులు. ఆ తరవాత వేసవిలో కోడిగుడ్డు వాసన వాయువు కలిపిన మరో 73 టన్నులు. తాము పంపిన వాయువేదో, భూమిలో ముందే ఉన్నదేదో తేల్చుకోవడానికి జాడ తెలిపే పదార్థాలు కలిపారు. దిగువన వేరే బావిలోంచి నీళ్లు తోడుతూ పరీక్షిస్తూ కూర్చున్నారు. జాడ పదార్థాలు వచ్చాయి గానీ, వాటితో రావలసిన కార్బన్‌ డయాక్సైడ్‌ రాలేదు. దారిలోనే ఎక్కడో ఆగిపోయింది. ఇంతలో ఆ బావిలోని పంపు మొరాయించింది. పైకి లాగి చూస్తే... ఒళ్లంతా రాయి పట్టి ఉంది! బోరునీళ్లు వాడే ఇళ్లలో గీజరు రాడ్డుకి పట్టే తెల్లటి పొర తెలుసుగా, ఆ జాతిదే. పంపు పాడైనందుకు సంబరపడిన ఇంజినీర్లు వీళ్లేనేమో.

2016లో 'సైన్స్‌' పత్రికలో లెక్క బయటపెట్టారు. పంపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయైపోయింది. అప్పటిదాకా ఇలాంటి మార్పుకి వందల, వేల ఏళ్లు పడుతుందన్నది చాలామంది అంచనా.

నేలలో వాయువు దాచడం వీళ్లతోనే మొదలవలేదు. నార్వే వాళ్లు స్లైప్నర్‌ అనే గ్యాసు క్షేత్రంలో 1996 నుంచే సముద్రం అడుగున, ఇసుకరాతి పొరల్లో, ఏటా పది లక్షల టన్నుల దాకా కుక్కుతూ వచ్చారు. కానీ అక్కడ వాయువు వాయువుగానే ఉంటుంది. పైనున్న గట్టి పొర మూతలా కాపాడుతుంది. ఆ మూత మీద కన్నేసి ఉంచాల్సిందే. హెల్లిషేదిలో రెండేళ్లు పోయాక కాపలా కాయడానికి వాయువే మిగలదు. గాదెలో ధాన్యం పోసి తాళం వేయడం ఒకటి, ఆ ధాన్యమే గోడలో ఇటుకైపోవడం ఇంకొకటి.

గాలిని జల్లెడ పడుతున్న పెట్టెలు

కేంద్రం దాటి కాస్త ముందుకెళితే బయల్లో గుండ్రటి లోహపు గూళ్లు కనబడతాయి. మంచు ఇళ్ల బొమ్మల్లా ఉంటాయి. సోడానీళ్లు నేలలోకి దిగే బావుల మీది కప్పులవి. వాటికి కొంచెం దూరంలో ఫ్యాన్లు బిగించిన పెద్ద పెద్ద కంటైనర్లు, హోరుమంటూ. స్విట్జర్లాండ్‌ కంపెనీ క్లైమ్‌వర్క్స్‌ 2021 సెప్టెంబరులో ప్రారంభించిన 'ఓర్కా' ఇది. ఐస్‌లాండ్‌ భాషలో 'ఓర్కా' అంటే శక్తి. 2024 మేలో దాని పక్కనే 'మామత్‌' వచ్చింది. వీటి పని మామూలు గాలిలోంచి కార్బన్‌ డయాక్సైడ్‌ని ఏరడం. ఏరినదాన్ని కార్బ్‌ఫిక్స్‌ వాళ్లు రాయి చేస్తారు.

ఇది ఎంత కష్టమో చెప్పాలంటే, గాలిలో పదివేల అణువుల్లో కార్బన్‌ డయాక్సైడ్‌వి నాలుగే. బస్తా బియ్యంలో పడ్డ నాలుగు ఆవగింజల్ని ఏరినట్టు. ఫ్యాన్లు తిప్పాలి, పట్టుకున్నదాన్ని విడిపించడానికి వంద డిగ్రీల వేడి పెట్టాలి. కరెంటూ వేడీ పొగలేకుండా దొరికే చోటు కాబట్టి ఇక్కడ పెట్టుకున్నారు. కేంద్రం నుంచి నేరుగా వచ్చే వాయువుని పట్టి పాతిపెట్టడానికి టన్నుకి దాదాపు 25 డాలర్లు అవుతోందని కార్బ్‌ఫిక్స్‌ పరిశోధకులు 2018లో లెక్కగట్టారు. గాలిలోంచి ఏరాలంటే అదే టన్నుకి వందల డాలర్లు.

ఓర్కా ఏడాదికి 4,000 టన్నులు, మామత్‌ 36,000 టన్నులు పడతాయని చెప్పారు. 2025 మేలో ఐస్‌లాండ్‌ పత్రిక ఒకటి ఆరా తీస్తే, నాలుగేళ్లు తిరిగొచ్చినా మొత్తం పట్టింది 2,400 టన్నులకి కాస్త పైనే అని తేలింది. ఆ నెలలోనే కంపెనీ ఉద్యోగుల్ని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ప్రారంభోత్సవాలకి వచ్చిన కెమెరాలు ఈ లెక్కకి రాలేదు.

ఈ ఫ్యాన్ల పెట్టెల్ని చూస్తే ముచ్చటేస్తుంది, నిజమే. ప్రపంచాన్ని కాపాడేస్తున్నాయి అనిపించేలా ఫొటో వస్తుంది కూడా. కానీ వాటికన్నా నోరు మూసుకుని పనిచేసుకుపోతున్న ఆ లోహపు గూళ్లే నాకు గొప్పగా కనిపిస్తాయి. అవి 2014 నుంచి ఆగకుండా పనిచేస్తున్నాయి. ఏటా పన్నెండువేల టన్నుల దరిదాపు. మొత్తం కలిపితే లక్ష టన్నులు దాటింది.

లక్ష టన్నులంటే ఎంత?

ఇక్కడ మన రామగుండం దాకా వెళ్లిరావాలి. అక్కడి 500 మెగావాట్ల బొగ్గు యూనిట్‌ ఒకటి పూర్తి సామర్థ్యంతో ఒక్కరోజు నడిస్తే వచ్చే కరెంటు కోటీ ఇరవై లక్షల యూనిట్లు. యూనిట్‌కి సుమారు కిలో చొప్పున కార్బన్‌ డయాక్సైడ్‌ వేసుకున్నా, తక్కువలో తక్కువ 11 వేల టన్నులు. అంటే హెల్లిషేదిలో ఏడాదంతా పాటుపడి రాయి చేసింది, రామగుండంలో ఒక్క యూనిట్‌ ఒక్కరోజులో ఊదేసేదానికి సమానం! ఎన్టీపీసీ రామగుండంలో అలాంటివి నాలుగున్నాయి, చిన్నవి మూడు అదనం. ప్రపంచం మొత్తం ఇంధనాలు మండించి ఏటా వదిలేది 3,700 కోట్ల టన్నుల పైమాటే. అన్ని దేశాల్లోనూ అన్ని పద్ధతుల్లోనూ కలిపి పట్టుకోగలిగింది 5 కోట్ల టన్నుల ప్రాంతం.

ఈ లెక్క చూసి ఇదంతా దండగ అనేవాళ్లున్నారు. పొగ గొట్టాలు అలాగే ఉంచుకోవడానికి కంపెనీలకి దొరికిన సాకు అనేవాళ్లూ ఉన్నారు. రెండో మాటలో నిజం చాలా ఉంది. 'ఎలాగూ పాతిపెడతాం కదా' అని బొగ్గు కాల్చుకుంటూ పోవడం, మందులున్నాయి కదా అని స్వీట్లు మానని షుగరు రోగి వరస. కానీ సిమెంటు సంగతేమిటి? సున్నపురాయిని కాలిస్తేనే సిమెంటు. బొగ్గు బదులు సూర్యుడి వేడి వాడినా సరే, ఆ రాయిలోంచే కార్బన్‌ డయాక్సైడ్‌ వస్తుంది. తాండూరు నుంచి మాచర్ల దాకా మనకున్నన్ని సిమెంటు ఫ్యాక్టరీలకి ఆ వాయువుని ఎక్కడో దాచడం తప్ప పూర్తి దారి ఇప్పటికైతే లేదు. కాబట్టి ఎవరు పాతిపెట్టుకోవచ్చు, ఎవరు ముందు మంట తగ్గించాలి అన్నది తేల్చుకోవాల్సిన ప్రశ్న. అది రాళ్ల శాస్త్రం తేల్చే ప్రశ్న కాదు.

మా ఊళ్లో వద్దు

రెక్జావిక్‌కి ఆనుకునే హాఫ్నర్‌ఫ్యోర్దుర్‌ అనే రేవు పట్టణం ఉంది. ఇళ్లు లావా గుట్టల మధ్యలోనే కట్టుకున్నారు. ఆ గుట్టల్లో కంటికి కనిపించని మనుషులు కాపురముంటారని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. కొన్నిచోట్ల రాయిని పగలగొట్టకుండా పక్కనుంచి రోడ్డు తిప్పారని కథలు కూడా వినిపిస్తాయి. ఊరి అంచున స్ట్రౌమ్స్‌విక్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీ ఉంది. 2007లో దాన్ని పెంచాలా వద్దా అని ఊళ్లో ఓటింగు పెడితే 88 ఓట్ల తేడాతో వద్దన్నారు. ఊరు అలాంటిది.

కార్బ్‌ఫిక్స్‌ వాళ్లు అక్కడ 'కోడా టెర్మినల్‌' అని పెద్ద పథకం వేశారు. యూరప్‌ ఫ్యాక్టరీల కార్బన్‌ డయాక్సైడ్‌ని ఓడల్లో తెచ్చి, ఏటా 30 లక్షల టన్నుల దాకా ఆ లావా కిందకి పంపాలని. అంటే హెల్లిషేది ఏడాదికి చేసేదానికి రెండువందల రెట్లకి పైన. దాంతో ఊరు నిలదీసింది. బావులు ఇళ్లకి ఇంత దగ్గరా? మా భూగర్భ జలం ఏమవుతుంది? భూకంపాలొస్తే? వేరే దేశాల చెత్త మేమెందుకు మోయాలి?

ఈ ప్రశ్నల్ని భయమని కొట్టిపారేయలేం. టన్ను వాయువుని కరిగించడానికి పాతిక టన్నుల నీళ్లు కావాలి. భూకంపాల సంగతికొస్తే, 2011 శరత్కాలంలో హెల్లిషేది పక్కన హూస్‌మూలి దగ్గర కేంద్రం వాడేసిన నీళ్లని తిరిగి నేలలోకి పంపడం మొదలుపెట్టగానే వరసగా భూమి కదిలింది. పెద్దవి 4 తీవ్రత దాకా వెళ్లాయి. కొండ దిగువ ఊరు క్వెరగెర్దిలో గాజుసామాన్లు గలగలలాడాయి. అవి సోడానీళ్లు కావు, మామూలు నీళ్లే. కానీ నేలలోకి ఏది పంపినా నేల గమనిస్తుందన్న సంగతి ఆ ఊరివాళ్లకి ఒంటిమీదకొచ్చి తెలిసింది. ఇక కార్బన్‌ డయాక్సైడ్‌ ఒక్కసారిగా బయటపడితే ఏమవుతుందో 1986 ఆగస్టులో కామెరూన్‌లో చూశాం. న్యోస్‌ సరస్సు అడుగున పేరుకున్న వాయువు రాత్రికిరాత్రి పైకి పొంగి, గాలికంటే బరువు కాబట్టి లోయల్లోకి పాకి 1,700 మందిని నిద్రలోనే ఊపిరాడకుండా చేసింది. నీళ్లలో కరిగించి పంపే పద్ధతిలో అలా జరిగే అవకాశం లేదంటే నమ్మొచ్చు. కానీ ఓడల్లో, ట్యాంకుల్లో, పైపుల్లో వచ్చేది కరిగించిన సోడా కాదు, అసలు వాయువే.

చివరికి 2025 మార్చిలో కార్బ్‌ఫిక్స్‌ ఆ ఊళ్లో పథకాన్ని వదులుకుంది. 

కోనసీమవాళ్లు ఈ కథ వింటే ఎవరి పక్షం వహిస్తారో ఊహించడం కష్టం కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిపూట మైళ్ల దూరంలో కూడా పుస్తకం చదువుకునేంత వెలుగని అప్పట్లో చెప్పుకునేవాళ్లు. 2014 జూన్‌లో నగరంలో తెల్లవారుజామున గ్యాసు పైపు పేలి ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు, కొబ్బరిచెట్లు, గేదెలు అన్నీ మాడిపోయాయి. అలాంటి చోటికెళ్లి, ఇన్నాళ్లూ తీశాం, ఇక నింపుతాం అంటే ఎవరు నమ్ముతారు? హాఫ్నర్‌ఫ్యోర్దుర్‌ వాళ్లకి అడిగే వీలైనా ఉంది. అడిగినదానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత కంపెనీకి ఉంది. ఇష్టం లేదంటే ఆగింది. ఈ పద్ధతిని మన దేశానికి తెచ్చుకోవాలంటే యంత్రాలకంటే ముందు తెచ్చుకోవాల్సింది అది.

మన నల్లరాయి సంగతి

తెచ్చుకోవాలంటే అన్నాను గానీ, రాయిని మాత్రం ఎక్కణ్నుంచీ తెచ్చుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో మన చుట్టూ ఉన్న బండలన్నీ గ్రానైటు. ఈ పనికి అది కొరగాదు. చిల్లులుండవు, పుల్లనీళ్లకి అంత తేలిగ్గా కరగదు. కానీ నగరం దాటి పడమరకి, వికారాబాద్‌ వైపు వెళ్లండి. గుండ్రాళ్ల గుట్టలు పోయి బల్లపరుపు కొండలు మొదలవుతాయి. మట్టి నలుపెక్కుతుంది. మూసీ పుట్టే అనంతగిరి కొండల దగ్గర మీరు నిలబడ్డది హెల్లిషేదిలో ఉన్నదాని చుట్టాల మీదే. 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారిన లావా అది. దక్కన్‌ బసాల్టు. మహారాష్ట్ర, గుజరాత్‌, మధ్యప్రదేశ్‌లతో కలిపి ఐదులక్షల చదరపు కిలోమీటర్లు. ఆదిలాబాద్‌ పత్తి పండే నల్లరేగడి దాని పొడే. ఎల్లోరా కైలాసనాథుణ్ని చెక్కిందీ ఆ రాతిలోనే. రాజమండ్రి దగ్గర గోదావరి పక్కన కూడా ఆ కాలపు లావా ఓ చిన్న ముక్క ఉంది.

ఈ రాతిలోనూ చిల్లులున్నాయి, చిల్లుల్లో తెల్లటి పలుకులున్నాయి. కోట్ల ఏళ్లుగా వాననీళ్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువుని మోసుకొచ్చి నెమ్మదిగా చేసిన పని అది. నల్లరేగడి పొలం దున్నితే బయటపడే తెల్లటి సున్నపు గుళికలు కూడా ఆ బాపతే. హైదరాబాద్‌ ఉప్పల్‌లోని ఎన్‌.జి.ఆర్‌.ఐ. శాస్త్రవేత్తలు 2000ల్లోనే ఈ రాతిలో కార్బన్‌ డయాక్సైడ్‌ దాచొచ్చా అని పరిశీలించడం మొదలుపెట్టారు. ఐస్‌లాండ్‌లో మొదటి చుక్క నేలలోకి దిగకముందే అన్నమాట.

చిక్కు ఎక్కడంటే, ఆ లావా పడమటి కనుమల దగ్గర రెండు కిలోమీటర్లకి పైగా మందం. మనవైపుకి వచ్చేసరికి దోసె అంచులా పలచబడిపోయింది. లోతు చాలదు. రెండోది నీళ్లు. రామగుండం యూనిట్‌ ఒక్కరోజు పొగ 11 వేల టన్నులనుకున్నాం. టన్నుకి పాతిక టన్నుల నీళ్ల లెక్కన 27 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున ఇరవై లక్షల మంది ఉన్న నగరానికి ఒక్కరోజు ఇచ్చే నీళ్లవి. వాన కురిసీ కురిసీ నేల తాగలేక వదిలేసే దేశం ఐస్‌లాండ్‌. వేసవిలో బోర్లు ఎండిపోయే వికారాబాద్‌లోనో, మరాఠ్వాడాలోనో ఈ లెక్క ఎవరికి చెప్పగలం?

నీళ్లు లేకుండా చేసే దారి ఒకటుంది. అమెరికాలో వాషింగ్టన్‌ రాష్ట్రం వలూలా దగ్గర 2013లో వెయ్యి టన్నుల దాకా కార్బన్‌ డయాక్సైడ్‌ని నీళ్లలో కరిగించకుండా, ఒత్తిడితో ద్రవంలా చేసి, దక్కన్‌ లాంటి బసాల్టులోకే పంపారు. రెండేళ్ల తరవాత తీసిన రాళ్లని పరిశీలిస్తే అరవై శాతం దాకా రాయైందని తేలింది. అది కొంచెం నెమ్మది, పైన గట్టి పొర మూతలా ఉండాలి. అలాంటి పొరలు దక్కన్‌లో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఉప్పునీళ్లు వాడొచ్చా అని ఐస్‌లాండ్‌లోనే సముద్రం ఒడ్డున హెల్గువిక్‌ దగ్గర మరో ప్రయోగం మొదలుపెట్టారు. అది నిలబడితే కొంకణ తీరం వాళ్లు ముందు లేచి కూర్చోవాలి, మనం కాదు.

హెల్లిషేది చూడ్డానికి వెళ్లేవాళ్లు అక్కణ్నుంచి వెనక్కి తిరగకుండా కొండ దిగి క్వెరగెర్ది దాకా వెళ్లిరండి. పావుగంట ప్రయాణం. వీధిపక్కన కాలవల్లోంచి ఆవిర్లు లేస్తుంటాయి. రై పిండి రొట్టెని డబ్బాలో పెట్టి వేడినేలలో పాతేసి మర్నాడు తీస్తారు. అద్దాల ఇళ్లలో టొమాటోలు, దోసకాయలు పండిస్తారు. ఊరి పక్కన ఉద్యానవన పాఠశాలలో అరటి గెలలు కూడా వేలాడుతుంటాయి, ఉత్తర ధ్రువానికి అంత దగ్గర! ఎండాకాలం అంటే వాళ్లకి జూన్‌, జులై. అప్పుడు కూడా స్వెట్టరు తప్పదు.